కారు లోపలి ప్లాస్టిక్‌కి, రెగ్జిన్‌కి ఇంట్లోనే రంగు: పెచ్చులు ఊడకుండా వేయడం ఎలా?

"డోర్ ప్యాడ్లకి స్ప్రే కొట్టానండీ, నెల తిరక్కుండానే గోరు తగిలితే ఊడొస్తోంది. ఏ బ్రాండు కొనాల్సింది?" వారానికి ఒకరైనా నన్ను ఈ ప్రశ్న అడుగుతారు. అడిగేవాళ్లందరికీ అనుమానం రంగు డబ్బా మీదే. మొదటిసారి నాకూ అంతే. మే నెలలో భవానీపురంలో మా డాబా మీద కూర్చుని, గేరు చుట్టూ ఉండే కన్సోల్‌కి మ్యాట్ బ్లాక్ కొట్టాను. సాయంత్రానికి కొత్త కారులా ఉంది. జూన్‌లో ఒకరోజు బందరు రోడ్డు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఏదో ఆలోచిస్తూ హ్యాండ్‌బ్రేక్ పక్కన గోటితో గీకాను. ఉల్లిపొర లేచినట్టు లేచింది. ఎర్ర లైటు పచ్చ లైటు అయ్యేలోపు అరచేతి వెడల్పున ఊడి చేతికొచ్చింది. ఆ పొరని తిరగేసి చూస్తే అడుగు భాగం నున్నగా, జిడ్డుగా మెరుస్తోంది. రంగులో ఏ తప్పూ లేదు. నేను ప్లాస్టిక్ మీద కాకుండా, ఏళ్ల తరబడి దాని మీద పేరుకున్న డాష్‌బోర్డు పాలిష్ మీద రంగు వేశాను.

అందుకే ముందే చెప్తున్నా, ఈ పనిలో మూడొంతులు కడగడం, ఒక వంతు రంగు. కడగడానికి ఓపిక లేకపోతే డబ్బా కొనకండి, డబ్బులు మిగులుతాయి.

వీటి జోలికి వెళ్లొద్దు

స్టీరింగ్ మధ్యలో ఉండే ఎయిర్‌బ్యాగ్ మూతకి రంగు వేయకండి. ఎడమ వైపు డాష్‌బోర్డు మీద 'ఎస్‌ఆర్‌ఎస్ ఎయిర్‌బ్యాగ్' అని రాసి ఉన్న చోటు, ఆ చుట్టుపక్కల కూడా వద్దు. ఆ మూత లెక్క ప్రకారం పలచగా ఉన్న ఒక గీత వెంబడి చీలి తెరుచుకోవాలి. దాని మీద మందంగా పూత ఉంటే తెరుచుకునే తీరు మారొచ్చు, ఎండిన పెచ్చులు మొహం మీదకి రావచ్చు. కొన్ని కార్లలో ముందు అద్దం పక్కనుండే పిల్లర్ ట్రిమ్‌లో, సీటు పక్క భాగంలో కూడా ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. చిన్న ట్యాగు మీద రాసి ఉంటుంది, వెతికి చూసుకోండి. మన దగ్గర 2019 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. అంతకు ముందు కొన్న కారుకైతే ఉండొచ్చు, లేకపోవచ్చు. ఊహించుకోకుండా మాన్యువల్ తీసి చూడండి.

పెడళ్లకి, సీటు బెల్టు పట్టీకి, మీటరు ముందుండే పారదర్శక ప్లాస్టిక్‌కి కూడా రంగు వద్దు. బెల్టు పట్టీకి రంగు వేయొచ్చా అని ఒకాయన నిజంగానే అడిగారు, అందుకే రాయాల్సి వచ్చింది.

ఇక డాష్‌బోర్డు పైభాగం. దాన్ని బిస్కెట్ కలర్ చేద్దామనో, నిగనిగలాడే గ్లాసీ ఫినిష్ కొడదామనో ఉంటే ఆ ఆలోచన మానుకోండి. అది ముందు అద్దంలో ప్రతిబింబిస్తుంది. మిట్టమధ్యాహ్నం వారధి మీద వెళ్తుంటే రోడ్డు బదులు మీ డాష్‌బోర్డే కనిపిస్తుంది. చాలా కార్లకి పైభాగం ముదురు రంగులో, మెరుపు లేకుండా ఇచ్చేది అందుకే.

ముందు అది ఏ ప్లాస్టికో చూడండి

ఏ ట్రిమ్ ముక్కైనా ఊడదీసి వెనక వైపు చూస్తే రెండు బాణం గుర్తుల మధ్య చిన్న ఇంగ్లిష్ అక్షరాలు అచ్చు పోసి ఉంటాయి. పీపీ అని ఉంటే పాలీప్రొపైలిన్. దాని పక్కన ఈపీడీఎం, టీ20 లాంటివి ఉన్నా అది పీపీ జాతే. డోర్ ప్యాడ్లు, పిల్లర్ ట్రిమ్‌లు, డిక్కీ పక్కలు ఎక్కువగా ఇదే. దీనికి రంగు అంటుకోవడం మహా కష్టం, తామరాకు మీద నీటిబొట్టు వ్యవహారం. ఏబీఎస్, పీసీ ప్లస్ ఏబీఎస్ అని ఉంటే అదృష్టం, రంగు తేలిగ్గా పడుతుంది. ఏసీ వెంట్లు, స్టీరియో చుట్టూ ఉండే ఫ్రేము, స్విచ్చుల ప్యానెళ్లు తరచూ ఈ రకం.

నీళ్లలో వేస్తే పీపీ తేలుతుందని, ఏబీఎస్ మునుగుతుందని ఒక చిట్కా చెప్తుంటారు. శుద్ధమైన పీపీ విషయంలో అది నిజమే. కారు ట్రిమ్‌లో టాల్క్ పొడి కలుపుతారు, అలాంటిది మునిగిపోతుంది. టీ20లోని 20 అంటే నూటికి 20 వంతులు టాల్క్ అని. కాబట్టి ఆ పరీక్షని నమ్మకండి. గుర్తు కనపడకపోతే పీపీ అనుకునే పని మొదలుపెట్టండి.

చేత్తో నొక్కితే మెత్తగా, తోలులా ఉండేది పీవీసీ, మనం రెగ్జిన్ అనేది. డోర్ ప్యాడ్ మధ్య భాగం, ఆర్మ్‌రెస్ట్, సీటు కవర్లు ఇవే. దీని పద్ధతి వేరు, ఏడో మెట్టులో చెప్తాను.

కావాల్సినవి

గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తని పాత టూత్‌బ్రష్షులు రెండు, గోరువెచ్చని నీళ్లు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక లీటరు, కెమికల్ షాపుల్లో ఐపీఏ అంటే ఇస్తారు. కరోనా రోజుల్లో మిగిలిపోయిన శానిటైజర్ వాడేద్దామనుకోకండి. అందులో చేతులు పొడిబారకుండా గ్లిజరిన్ కలుపుతారు, వదిలించుకోవాల్సిన జిడ్డు మళ్లీ మీరే పూసినట్టవుతుంది. తెల్లటి వేస్ట్ క్లాత్ ఒక కిలో తెచ్చుకోండి, ఆటోనగర్‌లో కిలోల లెక్కన అమ్ముతారు. రంగు గుడ్డలు వద్దు, తెల్లదే కావాలి, ఎందుకో తర్వాత తెలుస్తుంది.

బూడిద రంగు స్కాచ్‌బ్రైట్ ప్యాడ్లు రెండు. వంటింట్లో ఉండే ఆకుపచ్చది చాలా గరుకు, దాని గీతలు రంగు కింద నుంచి కూడా కనిపిస్తాయి. 600, 800 నంబరు వాటర్ పేపర్లు, అంటే తడిపి రుద్దే గరుకు కాగితాలు, రెండేసి. మాస్కింగ్ టేపు, పాత పేపర్లు. ట్రిమ్ ఊడదీసే ప్లాస్టిక్ పట్టీల సెట్టు, మీ కారు మోడల్‌కి సరిపోయే క్లిప్పులు ఓ ఇరవై. క్లిప్పులు ముందే కొనండి. తీసేటప్పుడు అయిదారైనా విరుగుతాయి, పాత కారైతే ఇంకా ఎక్కువే.

తర్వాత అసలు సరుకు: ప్లాస్టిక్ ప్రైమర్ స్ప్రే, రెగ్జిన్ కోసం వినైల్ స్ప్రే, ప్లాస్టిక్ భాగాలకి రంగు స్ప్రే, రంగు మీద చివర్లో కొట్టే మెరుపు లేని పారదర్శక పూత, అంటే మ్యాట్ క్లియర్. షాపులో "ప్రైమర్ ఇవ్వు బాబాయ్" అంటే బాడీకి కొట్టే బూడిద రంగు ప్రైమర్ చేతిలో పెడతారు. అది ఇనుముకి. డబ్బా మీద ప్లాస్టిక్‌కి అనో, అడెషన్ ప్రమోటర్ (రంగు అంటుకునేలా చేసేది) అనో రాసి ఉండాలి, పాలీప్రొపైలిన్‌కి పనికొస్తుందని కూడా ఉంటే ఇంకా మంచిది. షాపులో దొరక్కపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి తప్ప సర్దుకోకండి.

ఎంత రంగు పడుతుంది? 400 ఎంఎల్ డబ్బా రెండు మూడు పూతలకి సుమారు ఒక చదరపు మీటరు, బాగా కొడితే ఒకటిన్నర. నాలుగు డోర్ ప్యాడ్లకి మూడు డబ్బాలు తెచ్చుకుంటే మధ్యలో పరుగులు పెట్టక్కర్లేదు. బిస్కెట్ కలర్ మీద నలుపు తేలిగ్గా మూసుకుంటుంది. నలుపు మీద బిస్కెట్ కలర్ వేయాలంటే పూతలు రెట్టింపవుతాయి, గీత పడిన ప్రతి చోటా కింది నలుపు తొంగిచూస్తుంది. నేనైతే వద్దంటాను.

మూతికి ఆర్గానిక్ వేపర్ కాట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. ఎన్95 దుమ్మునే ఆపుతుంది, థిన్నర్ ఆవిరిని ఆపదు. కళ్లద్దాలు, గ్లవ్స్ కూడా పెట్టుకోండి.

ఎప్పుడు, ఎక్కడ

బెజవాడలో రంగు వేయడానికి కార్తీకం నుంచి మాఘం దాకా మంచి రోజులు. ఉదయం మంచు విడిచాక, తొమ్మిది నుంచి పన్నెండు మధ్య. 20 నుంచి 30 డిగ్రీలు, గాల్లో చెమ్మ తక్కువ ఉంటే పూత పరుచుకుని నున్నగా ఆరుతుంది. రోహిణి కార్తెలో కొడితే రంగు గాల్లోనే సగం ఆరిపోయి ముక్క మీద ఇసకలా పడుతుంది, చేత్తో నిమిరితే వాటర్ పేపర్‌లా గరగరలాడుతుంది. వర్షాకాలం ముసురులో కొడితే చెమ్మ పట్టి తెల్లటి బూజులా పొగ కమ్ముతుంది. వేసవిలో తప్పదంటే తెల్లవారుజామున ఆరింటికి, నీడలో పెట్టుకుని చేయండి.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మాత్రం స్ప్రే కొట్టొద్దు. గాలి ఆడదు, ఆ పొగ తలనొప్పి తెప్పిస్తుంది. పైగా కంటికి కనపడని రంగు తుంపర పక్కింటివాళ్ల తెల్ల కారు మీద వాలుతుంది. ఆ తర్వాత మీరు చేయాల్సిన పాలిషింగ్ వాళ్ల కారుకి. డాబా మీద వాటర్ ట్యాంకు నీడలో ఫ్రిజ్ అట్టపెట్టెని పక్కకి పడుకోబెట్టి, మూత వైపు తెరిచి, లోపల ముక్కని ఇటుక మీద నిలబెట్టండి. గాలి కొట్టదు, దుమ్ము పడదు, తుంపర బయటికి పోదు. మా వీధిలో ఫ్రిజ్ ఎవరు కొన్నా ఆ అట్టపెట్టె నాకే ఇస్తారు ఇప్పుడు.

పక్కన పొయ్యి, సిగరెట్టు, అగరుబత్తి ఉండకూడదు. డబ్బాల్ని కారులో వదిలేయకండి. 50 డిగ్రీలు దాటే చోట పెట్టొద్దని వాటి మీదే రాసి ఉంటుంది, ఎండలో మూసి ఉంచిన కారులో డాష్‌బోర్డు మన ఎండలకి అది దాటేస్తుంది.

1. విడదీయండి. కారులో బిగించి ఉండగానే టేపులు వేసి కొట్టేద్దామనిపిస్తుంది. చిన్న ముక్కకి పర్వాలేదు గానీ డోర్ ప్యాడ్‌కి కుదరదు, అంచుల్లో రంగు పడదు, అక్కడి నుంచే ఊడటం మొదలవుతుంది. స్క్రూలు హ్యాండిల్ కప్పు వెనక, ఆర్మ్‌రెస్ట్ గుంటలో చిన్న మూత కింద దాక్కుని ఉంటాయి. అవి తీయకుండా లాగితే ప్యాడే విరుగుతుంది. స్క్రూలయ్యాక కింది అంచు నుంచి ప్లాస్టిక్ పట్టీతో ఒక్కో క్లిప్పూ లేపండి. స్క్రూ డ్రైవర్ దూర్చితే బాడీ రంగు లేస్తుంది.

పవర్ విండో వైర్లు ఊడదీసే ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేయండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే ఆ తర్వాత మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగాలి. పసుపు రంగు కనెక్టర్లు చాలా కార్లలో ఎయిర్‌బ్యాగువి, వాటిని ముట్టుకోకండి. ప్రతి దశకీ ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి. ఏ స్క్రూ ఎక్కడిదో ముక్క వారీగా కవర్లో వేసి పేరు రాయండి.

2. కడగండి. లిక్విడ్ కలిపిన గోరువెచ్చని నీళ్లలో బ్రష్షు ముంచి, తోలు గీతల్లాంటి డిజైను ఉన్న చోట గుండ్రంగా రుద్దండి. నురగ మొదట కాఫీ రంగులో వస్తుంది. కడిగి మళ్లీ రుద్దండి. నురగ తెల్లగా వచ్చేదాకా, సాధారణంగా మూడు సార్లు పడుతుంది. మా డిక్కీ పక్క ప్యానెల్‌కి ఊరి నుంచి తెచ్చిన ఆవకాయ జాడీ ఒలికిన చరిత్ర ఉంది, దానికి అయిదు సార్లు పట్టింది. స్పీకరు, స్విచ్చులు, వెనకాల స్పాంజి ఉంటే ముందే తీసేయండి. నీడలో పూర్తిగా ఆరనివ్వండి, మూలల్లో నీటి చుక్క మిగిలితే రంగు కొట్టేటప్పుడు అది బయటికొస్తుంది.

కొన్ని కార్లలో స్విచ్చుల ప్యానెళ్ల మీదుండే మెత్తటి రబ్బరు పూత మన తేమకి బెల్లం పాకంలా జిగటగా మారుతుంది. దాని మీద ఏ రంగూ నిలవదు. ఐపీఏతో తడిపిన గుడ్డని రెండు మూడు నిమిషాలు ఆనించి ఉంచి, రుద్ది మొత్తం తీసేయండి. విసుగొచ్చే పనే, ఒక చిన్న ప్యానెల్‌కి గంట పట్టొచ్చు. పెట్రోలు, థిన్నర్ వాడితే తొందరగా వస్తుందని ఎవరైనా చెప్తే వినకండి. ఏబీఎస్‌ని థిన్నర్ కరిగిస్తుంది, పెట్రోలుకి ఇట్టే నిప్పంటుకుంటుంది.

3. ఐపీఏతో తుడవండి, అక్కడే పరీక్షించండి. తెల్ల గుడ్డ తడిపి ఒకే దిశలో తుడిచి, తిప్పి శుభ్రమైన వైపుతో మళ్లీ తుడవండి. గుడ్డ మీద గోధుమ రంగో, నలుపో వస్తోందంటే పని అవ్వలేదు. తెల్ల గుడ్డ తెల్లగానే రావాలి. తర్వాత స్ప్రే బాటిల్‌తో నీళ్లు చల్లి చూడండి. ఏబీఎస్ మీద నీళ్లు పొరలా పరుచుకోవాలి. పీపీ శుభ్రంగా ఉన్నా నీళ్లని కొంచెం ముత్యాల్లా నిలబెడుతుంది, కంగారు పడకండి. అయితే అంతటా ఒకేలా నిలవాలి. ఒక చోట పరుచుకుని, పక్కనే గుండ్రటి బొట్లు జారిపోతుంటే అక్కడ సిలికాన్ ఉండే డాష్‌బోర్డు పాలిష్ మిగిలినట్టే, ఆ చోటుకి రెండో మెట్టు మళ్లీ.

4. గరుకు చేయండి. ఇది కడిగిన తర్వాతే. ముందు గీకితే జిడ్డుని గీతల్లోకి మీరే కూరినట్టు. బూడిద ప్యాడ్‌ని లిక్విడ్ నీళ్లలో ముంచి, మెరుపు చచ్చేదాకా తేలిగ్గా రుద్దండి. పీపీని వాటర్ పేపర్‌తో గట్టిగా రుద్దితే నూగు లేస్తుంది, నిమిరితే పీచు తగులుతుంది. రంగు వేశాక ఆ నూగు రెట్టింపు కనపడుతుంది. అలా లేచిందా, 800 పేపర్ తడిపి చాలా తేలిగ్గా సర్దండి. రెగ్జిన్‌కి పేపర్ వాడకండి, ప్యాడ్ ఒక్కసారి అలా అలా. ఇదయ్యాక కడిగి, ఆరబెట్టి, మళ్లీ ఐపీఏ. ఇక్కణ్నుంచి గ్లవ్స్ లేకుండా ముక్కని ముట్టుకోవద్దు. వేలిముద్ర చాలు, అంత మేర ఊడటానికి.

5. గీతలు, పగుళ్లు. చిన్న గీతలు 600 తో మొదలుపెట్టి 800 తో ముగించండి. పెద్ద గంటులకి ప్లాస్టిక్ ఫిల్లర్ ఉంది గానీ, పెట్టిన చోట తోలు డిజైను పోయి నున్నటి మచ్చలా ఉంటుంది, రంగు దాన్ని దాచదు. ఎదురుగా కనపడే చోటైతే ఆటోనగర్ సెకండ్ హ్యాండ్ షాపుల్లో ఆ ముక్కే వెతుక్కోవడం మేలు.

6. మాస్కింగ్. రెగ్జిన్, ప్లాస్టిక్ కలిసే చోట టేపు అంచుని గోటితో నొక్కండి. క్లిప్పులు దూరే గుంటల్లోకి రంగు పోకూడదు, పోతే తిరిగి బిగించేటప్పుడు ప్యాడ్ కిర్రుమంటుంది.

7. ప్రైమర్. డబ్బాలో గోళీ గలగలమన్నాక రెండు నిమిషాలు ఊపండి. పీపీ మీద అడెషన్ ప్రమోటర్‌ని పలచగా, కంటికి తడి మెరుపు కనపడీ కనపడనట్టు ఒకటి లేదా రెండు పూతలు. ఇది మూసే రంగు కాదు, జిగురు లాంటిది, ఎక్కువ కొడితే మెత్తగా ఉండిపోతుంది. దాని మీద రంగు ఎంతసేపట్లో వేయాలో డబ్బా మీద ఉంటుంది, చాలావాటికి పది నిమిషాల నుంచి అరగంట. ఆ లోపు భోజనానికి దిగి గంటన్నర తర్వాత వస్తే మళ్లీ ఒక పలచటి పూత వేయాల్సిందే. ప్రమోటర్ పూతని గీకొద్దు. ఏబీఎస్‌కి మామూలు ప్లాస్టిక్ ప్రైమర్ చాలు.

రెగ్జిన్‌కి ఈ ప్రైమర్ అక్కర్లేదు, వినైల్ స్ప్రే నేరుగా వేయడానికే చేసింది. డబ్బా మీద వేరే చెప్తే డబ్బా మాట వినండి. మామూలు స్ప్రే మాత్రం రెగ్జిన్ మీద పనికిరాదు. ఆరాక గట్టిపడుతుంది, మోచేయి ఆనించగానే ఎండిన చెరువు మట్టిలా నెర్రెలిస్తుంది. ఇప్పటికే బిరుసెక్కి పగిలిన రెగ్జిన్‌ని ఏ స్ప్రే కూడా బాగు చేయదు. దాన్ని సీటు కవర్ల షాపులో ఇచ్చి కొత్త రెగ్జిన్ వేయించుకోండి. డోర్ ప్యాడ్ ఊడదీసి తీసుకెళ్తే కూలి కూడా తగ్గుతుంది.

8. రంగు. ముందు అట్ట మీద కొట్టి తుంపర సరిగ్గా వస్తోందో చూడండి. ముక్కకి జానెడు దూరం, అంటే 20 నుంచి 25 సెంటీమీటర్లు. ముక్క అంచుకి బయటే నొక్కడం మొదలుపెట్టి, చేయి కదుపుతూ అవతలి అంచు దాటాక వదలండి. మణికట్టు తిప్పితే మధ్యలో మందం, చివర్లలో పలచన వస్తుంది. మోచేతి నుంచి చేయి మొత్తం కదలాలి. ఒక్కో వరస మునుపటి వరసని సగం కప్పాలి.

మొదటి పూత చూస్తే మీకు నిరాశ కలగాలి. పాత రంగు ఇంకా కనపడుతూ, పైన నలుపు చల్లినట్టు ఉంటే సరిగ్గా వేసినట్టు. పది నిమిషాలు ఆగి రెండోది. మళ్లీ పది నిమిషాలు, మూడోది. ఇప్పటికి మూసుకుంటుంది. అందరూ తప్పు చేసేది రెండో పూత దగ్గరే. ఇక్కడ కొంచెం కనపడుతోంది కదా అని ఆ చోటే ఆగి కొడతారు, అక్కడే కారుతుంది. కారకపోయినా తోలు గీతలు పూడిపోయి బక్కెట్ ప్లాస్టిక్‌లా అవుతుంది. కారితే గుడ్డతో తుడవకండి. ఒక రోజు ఆరనిచ్చి, 800 తడి పేపర్‌తో సర్ది, ఆ ముక్క మొత్తానికి ఒక పలచటి పూత వేయండి.

గుండుసూది తలంత గుంటలు పడి, వాటి చుట్టూ రంగు పక్కకి జరిగిపోతుంటే అదే పాత సిలికాన్. ఇంకో పూతతో మూయలేరు. ఐపీఏతో మొత్తం తుడిచేసి రెండో మెట్టు నుంచి మొదలుపెట్టాలి. ఏడుపొస్తుంది, తెలుసు.

డబ్బా పక్కన పెట్టే ముందు తలకిందులు చేసి, గాలి మాత్రమే వచ్చేదాకా రెండు సెకన్లు నొక్కండి. లేదంటే నాజిల్ మూసుకుని, తర్వాతి పూతలో చుక్కలు చుక్కలుగా కక్కుతుంది.

9. మ్యాట్ క్లియర్. చేతులు తగిలే ప్లాస్టిక్‌కి వేయండి: గేరు కన్సోల్, డోర్ లాగే పిడి, స్విచ్చుల ప్యానెల్. రెండు పలచటి పూతలు. మిగతా చోట్ల మానేసినా నష్టం లేదు. రెగ్జిన్ మీద వినైల్‌కి ఇచ్చే క్లియర్ తప్ప మరొకటి వద్దు. మ్యాట్ వేశాక రంగు ఛాయ ఒక పిసరు మారుతుంది, కాబట్టి ముందు పనికిరాని ముక్క మీద చూసుకోండి. హార్డెనర్ కలిపే 2కే క్లియర్ గట్టిదే, కాకపోతే అందులో ఐసోసైనేట్లు ఉంటాయి. ఆ తుంపర ఊపిరితిత్తులకి ప్రమాదం, మామూలు కాట్రిడ్జ్ మాస్కుని నమ్ముకుని ఇంట్లో చేసేది కాదు. అదే కావాలంటే బూత్ ఉన్న పెయింటర్‌కి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు "పీపీకి ప్రమోటర్ కొడతారా?" అని అడగండి. "ఎందుకండీ, డైరెక్టుగా పీయూ పెయింట్ కొట్టేస్తాం" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

10. ఆరబెట్టి బిగించండి. అరగంటలో చేతికి అంటదు, అంత మాత్రాన బిగించేయకండి. కనీసం 24 గంటలు నీడలో ఉంచండి. ఎండలో పెడితే తొందరగా ఆరుతుందని అనుకుంటారు గానీ పైపొర ముందు బిగుసుకుని లోపల ఆవిరి చిక్కుకుంటుంది, పొక్కులొస్తాయి. టేపుని మాత్రం చివరి పూత కాస్త ఆరిన పావుగంట తర్వాత, అంచు మీద పడుకోబెట్టి వెనక్కి మెల్లగా లాగండి. మర్నాటిదాకా ఉంచితే టేపుతో పాటు రంగు అంచు కూడా లేస్తుంది. బిగించాక బ్యాటరీ కలిపి, అద్దాలు, లాకులు, స్పీకర్లు, ఎయిర్‌బ్యాగ్ లైటు అన్నీ సరిగ్గా ఉన్నాయో చూడండి. ఆ లైటు వెలిగే ఉంటే సర్వీస్ సెంటర్‌లో చూపించేదాకా కారు తీయకండి.

అతుక్కుందో లేదో ఎలా తెలుస్తుంది?

ఒక రోజు తర్వాత, బిగించే ముందే, కనపడని అంచు దగ్గర టేపు గట్టిగా నొక్కి అతికించి, ఒక్కసారి లాగండి. టేపు మీద రంగు రాకూడదు. అదే చోట గోటితో గీకండి. గీత పడినా పర్వాలేదు, పెచ్చు మాత్రం లేవకూడదు. పూర్తి గట్టిదనం వారానికి వస్తుంది, అప్పుడు మళ్లీ ఒకసారి చూడండి. రెగ్జిన్‌నైతే వేళ్ల మధ్య మడిచి మడత మీద చూడండి, తెల్లటి గీత కనపడకూడదు. తడి తెల్ల గుడ్డతో రుద్దితే రంగు దిగకూడదు.

ఈ పరీక్షల్లో ఏది తప్పినా బిగించకుండా ఆగండి. బిగించాక ఊడితే మళ్లీ ఇరవై క్లిప్పులు, మళ్లీ ఒక ఆదివారం. డోర్ లాగే పిడి, ఆర్మ్‌రెస్ట్ చెమట తగిలే చోట్లు కాబట్టి ఎంత బాగా చేసినా రెండు మూడేళ్లకి అరుగుతాయి. అందుకని ఏ రంగు, ఏ బ్రాండు వాడారో, ఎప్పుడు వేశారో ఒక కాగితం మీద రాసి డోర్ ప్యాడ్ వెనకే అతికించండి.

మొదటి వారం ఆ తడి గుడ్డ పరీక్ష తప్ప వేరే తడి తగలనివ్వొద్దు, అద్దాలు కొద్దిగా దించి నీడలో పెట్టండి. ఆ తర్వాత తుడవడానికి తడి గుడ్డ చాలు. వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు మాత్రం పక్కనే నిలబడండి. కుర్రాడు చివర్లో స్పాంజి మీద తెల్లటి పాలిష్ పోసుకుని డోర్ తీస్తాడు. "లోపల పాలిష్ వద్దు బాబూ" అని అప్పుడే చెప్పాలి. ముందే చెప్తే మర్చిపోతాడు.